చప్పుడు లేని మిక్సీ

నాకు చప్పుడంటే పడదు. ఇది జబ్బు కాదు, ఉద్యోగం. మిక్సీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను శబ్దాల సెక్షన్ ఇంజనీరుని. సెక్షన్ అంటే ఏదో పెద్ద హాలు అనుకునేరు. గోడలకు స్పాంజి అతికించిన ఒక గది, ఒక బల్ల, ఒక మైకు, నేను. మోటారు ఎక్కడ గీపెడుతోంది, జారు ఎందుకు వణుకుతోంది, మూత ఎక్కడ టపటపలాడుతోంది అని పొద్దస్తమానం చెవులు రిక్కించి కూర్చోవడమే నా పని. ఆఫీసులో అందరూ నన్ను ‘చెవి సారు’ అంటారు. చాటుగా అంటే పోనీలే అనుకునేవాణ్ణి, మొహం మీదే అంటారు.

మూడేళ్ళు కిందామీదా పడి నేనొక మిక్సీ చేశాను. మామూలు మిక్సీ వేస్తే పక్కింటివాళ్ళు కూడా టీవీ సౌండు పెంచుకోవాలి. నాది వేస్తే పక్కన పడుకున్న పిల్లి తల కూడా ఎత్తదు. మోటారు మార్చాను, దాని చుట్టూ రెండు పొరల డొప్ప కట్టాను, జారు కింద రబ్బరు పెట్టాను, బ్లేడు వంపు పదకొండుసార్లు మార్చాను. తిరుగుతున్నంతసేపూ పచ్చ దీపం వెలుగుతుంది, లేకపోతే తిరుగుతోందో లేదో నాకే అనుమానం వచ్చేది. పిల్లి సంగతి కోతలు కాదు, మా ఫ్యాక్టరీ పిల్లి పక్కనే పెట్టి చూశాను.

మా యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయన మిక్సీ వేసి, దీపం చూసి, చెవి ఆనించి, పెదవి విరిచాడు.

“బాగానే ఉందయ్యా. కానీ వాడేవాళ్ళు ఏమంటారో చూడాలిగా. ఇరవై ఇళ్ళకి ఇద్దాం. నాలుగు వారాలు వాడనీ. పదిహేను ఇళ్ళవాళ్ళు మాకిదే కావాలంటే ఫ్యాక్టరీలో మొదలుపెడదాం.”

“అనకపోతే?”

“అనకపోతే మూడేళ్ళు చాలు. ఆ స్పాంజి గది గోడౌనుకి పనికొస్తుంది. నువ్వు ప్యాకింగులోకి వద్దువుగాని.”

ప్యాకింగులో రోజంతా అట్టపెట్టెలకు టేపు లాగుతారు. టేపు లాగే చప్పుడు మీరెప్పుడైనా చెవి దగ్గర విన్నారా? అక్కడ వారం రోజులుంటే నాకు పిచ్చెక్కుతుంది. అయినా నా అసలు దిగులు అది కాదు. ఆ మిక్సీని నేను ప్రాణం పెట్టి చేశాను. దాన్ని పాత సామాన్ల కింద పడేస్తారేమోనని.

ఇరవై ఇళ్ళలో ఒకటి మా ఇల్లే. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప, నేను. అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. వదిన మధ్యాహ్నం నుంచి మందుల షాపులో కౌంటరు చూస్తుంది. పొద్దున్నపూట వంటిల్లు ఆమెది. ఆమెది అంటే, మేమెవరం అటు తొంగిచూడం అని అర్థం.

ప్రతి మిక్సీ అడుగునా చిన్న నల్లపెట్టె ఒకటి బిగించాను. మోటారు ఎన్ని నిమిషాలు తిరిగింది, ఆ సమయంలో ఎంత చప్పుడు వచ్చింది, అంకెల్లో రాసుకుంటుంది. అంకెలే, మాటలు కాదు. మా ఇంటి పెట్టె మాత్రం నేను మొట్టమొదట చేసినది. అది చుట్టుపక్కల వినబడేదంతా రికార్డు చేసేస్తుంది. ఈ సంగతి వదినకు ముందే చెప్పాను.

“అంటే నేను గొణుక్కున్నది కూడా ఎక్కుతుందా?” అంది వదిన.

“మిక్సీ తిరుగుతున్నప్పుడే వదినా. నీకు ఇబ్బందైతే తీసేస్తాను.”

“ఉంచు ఉంచు. ఈ ఇంట్లో వినేది ఏదో ఒకటి ఉండాలిగా.”

నవ్వేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

వారం తిరిగేసరికి ఇళ్ళ నుంచి ఫారాలు వచ్చాయి. ‘అద్భుతం’ అని ఒకరు. ‘పేపరు మొత్తం హాయిగా చదువుకున్నాను’ అని ఇంకొకరు. ‘ఇంట్లో మిక్సీ ఉన్నట్టే లేదు’ అని మరొకరు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చిన ప్రతి ఫారాన్నీ క్యాంటీన్లో పైకి చదివి వినిపించాను. రెండో వారం నుంచి నన్ను చూడగానే క్యాంటీన్లో బల్లలు ఖాళీ అయ్యేవి.

ఇంట్లోనూ రోజూ అదే ప్రశ్న. “వదినా, మిక్సీ ఎలా ఉంది?”

వదిన రోజూ అదే జవాబు. “పెట్టెలో ఉంటుందిగా. విను.”

పెట్టెలోంచి నిమిషాలు మాత్రం చూసుకునేవాణ్ణి. మా ఇంట్లో రోజుకి పాతిక నిమిషాలకు తక్కువ లేదు. ఇంకేం వినాలి? చప్పుడు లేని మిక్సీ రికార్డులో వినడానికి ఏముంటుంది?

మూడో వారం చివర్లో పెద్దాయన పిలిచాడు. ఇరవై పెట్టెల అంకెలు ఆయన బల్ల మీద ఉన్నాయి. మొదటి వారం అన్ని ఇళ్ళలోనూ బాగానే తిరిగింది. రెండో వారం సగానికి పడింది. మూడో వారం పదిహేడు ఇళ్ళలో సున్నా.

“పొగుడుతున్నారు, వాడట్లేదు,” అన్నాడు పెద్దాయన. “మా అల్లుడు నా సలహాల్ని ఇలాగే మెచ్చుకుంటాడు.”

“ఎక్కడో ఏదో పొరపాటు...”

“వారం ఉంది. కనుక్కో.”

నా గదికొచ్చి ఫారాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. అప్పుడు కనబడింది, అడుగున సంతకాల దగ్గర. ‘ఇంటి యజమాని సంతకం’ అని ఉంది. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుణ్ణి నేనే. ఇరవై ఇళ్ళలో ఇరవై మంది మగాళ్ళు సంతకం పెట్టారు. మా ఇంటి ఫారం అన్నయ్య నింపాడు. అన్నయ్యకి మిక్సీ మూత ఏవైపు తిప్పితే వస్తుందో కూడా తెలియదు.

మర్నాడు కాళ్ళకు చక్రాలు కట్టుకుని బయలుదేరాను. మొదటిది బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. ఇంకా వీధి మలుపులోనే ఉన్నాను, ఆ ఇంట్లోంచి పాత మిక్సీ రొద చెవుల్ని చీలుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ముందుగదిలో ఆవిడ భర్త పిల్లాణ్ణి భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. వంటింట్లోకి దారి చూపించాడు. నేను గడపలో అడుగుపెట్టేసరికి ఆవిడ స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. గట్టు మీద మిక్సీ ఒంటికాలి మీద గెంతుతున్నట్టు మోగుతోంది. జారులో ఏమీ లేదు.

“ఖాళీ జారు అంతసేపు తిప్పితే మోటారు కాలిపోతుందమ్మా.” నోరు ఊరుకోదు కదా.

ఆవిడ నన్ను లోపలికి రమ్మని తలుపు దగ్గరకి వేసింది. మిక్సీ మాత్రం ఆపలేదు. అందుకే ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

“మా మిక్సీ పాడైందా?”

“లేదు బాబూ. మీది బంగారం, వంక పెట్టడానికి లేదు. కానీ అది తిరుగుతుంటే నేను పనిలో ఉన్నానని ఇంట్లో ఎవరికీ తెలియట్లేదు. ఇది మోగుతుంటే మా ఆయన పిల్లాణ్ణి ఎత్తుకుంటాడు. బెల్లు కొడితే మా మామగారే లేచి తలుపు తీస్తారు. మీది పెట్టిన రోజు నుంచీ ‘ఖాళీగానే ఉన్నావుగా’ అని అందరూ నన్నే పిలవడం. చేతినిండా పనే. కానీ చప్పుడు లేదుగా మరి.”

“మరి ఇప్పుడు జారులో ఏమీ లేదు...”

“పావుగంట కూర్చుందామని,” అంది కాఫీ గ్లాసు చూపించి. “ఎక్కడా చెప్పకండి.”

రెండో ఇంట్లో కింద తోడికోడలు, పైన తోడికోడలు. మా లెక్కలో రెండిళ్ళు, చెరో మిక్సీ. వాళ్ళిద్దరూ నన్ను కూర్చోబెట్టి మరీ తిట్టారు. ఇన్నేళ్ళూ పైన మిక్సీ మోగిందంటే కింద ఆవిడ, ‘చిన్నది లేచింది’ అనుకుని తన వాటా పని మొదలుపెట్టేదట. కింద మోగితే పైన ఆవిడా అంతే. నా మిక్సీ వచ్చాక ఎవరికి వారు ‘ఇంటి చాకిరీ అంతా నేనే చేస్తున్నాను, అవతలామె దుప్పటి ముసుగు తీయట్లేదు’ అనుకున్నారు.

“పదేళ్ళలో మాటా మాటా అనుకోలేదు,” అంది కింద ఆవిడ. “మీ మిక్సీ పుణ్యమా అని వారంలో మూడుసార్లు.”

మూడో ఇంట్లో ఒక బామ్మ. రోజూ మిక్సీ వేసి, ఆ రొదలో చెల్లెలికి ఫోను చేసుకుంటుంది. నా మిక్సీ పక్కన మాట్లాడితే ప్రతి ముక్కా హాల్లోకి వినబడిందట.

“మా కోడలు మంచిదే నాయనా. కానీ మంచిదని చెప్పుకోవడానికి కూడా కాస్త చాటు కావాలి కదా.”

సాయంత్రం దాకా తొమ్మిది ఇళ్ళు తిరిగాను. తొమ్మిదింట్లోనూ ఏదో ఒక రూపంలో ఇదే కథ. జనం మరీ ఇలా ఉన్నారేమిటని తెగ బాధపడ్డాను. చేతినిండా పనిచేసే మనిషి నోరు తెరిచి ‘పనిలో ఉన్నాను’ అంటే వినరా, మిక్సీ అరిస్తేనే వింటారా అని దారంతా తిట్టుకున్నాను. మా ఇల్లు అలాంటిది కాదు కాబట్టి సరిపోయింది అనుకున్నాను. రోజుకి పాతిక నిమిషాలు, ఒక్కరోజు తప్పలేదు. ఆ రికార్డు తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెడితే, చప్పుడు లేకపోయినా చక్కగా వాడుకునే కుటుంబాలు ఉన్నాయని తేలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి పెట్టె తెచ్చి కంప్యూటర్‌కి తగిలించాను. గ్రాఫు చూసి కుర్చీ ముందుకి లాక్కున్నాను. సాఫీగా కింద పాకాల్సిన గీత రెండు నిమిషాలకోసారి కొండలా లేస్తోంది. మోటారు పోయినట్టుంది, లేదంటే రబ్బరు చిరిగిందేమో. ఏ భాగం అరుస్తోందో పట్టుకుందామని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

అరుస్తున్నది మోటారు కాదు.

“అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?” మా అమ్మ. “ఏమోయ్, సాక్సు ఒకటే ఉంది, రెండోదేదీ?” అన్నయ్య. “అమ్మా, జడ వెయ్యి, బస్సొచ్చేస్తుంది.” పాప. మళ్ళీ అమ్మ. మళ్ళీ అన్నయ్య. వాటి మధ్యలో వదిన గొంతు, మైకుకి దగ్గరగా, తాపీగా, నవ్వుతున్నట్టుగా.

“రాసుకో. ఆరు.”

ఆ తరవాత మరో గొంతు. మిగతా అందరికన్నా పెద్దది. “వదినా, ఖాళీయేగా, కాస్త నా నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టవా?”

“రాసుకో. ఏడు. ఇవాళ రెండోసారి ఈయన.”

ఈయన నేనే.

ఇరవై ఒక్క రోజుల రికార్డూ విన్నాను. మధ్యలో ఆపేద్దామనిపించింది, ఆపలేదు. ఒక్కో రోజు పదకొండు, ఒక్కో రోజు పద్నాలుగు. ‘ఖాళీయేగా’ అన్న మాట మా ఇంట్లో అందరికన్నా ఎక్కువసార్లు అన్నది నేనే. పాత మిక్సీ రోజుల్లో ఆ మోత వింటే మేమంతా ‘ఆగాక అడుగుదాం’ అనుకునేవాళ్ళం. అది ఆగేసరికి అమ్మ కళ్ళజోడు అమ్మ తలమీదే దొరికేది, అన్నయ్య సాక్సులు బూటులోనే ఉండేవి. మూడేళ్ళు కష్టపడి నేను తీసేసింది చప్పుడు కాదు, వదినకున్న ఒక్క తలుపు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం వదిన షాపు నుంచి వచ్చేదాకా వీధి గుమ్మంలోనే నిలబడ్డాను. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“విన్నావన్నమాట,” అంది చెప్పులు విడుస్తూ.

“నాతో చెప్పొచ్చు కదా వదినా.”

“చెప్పానుగా. ఇరవై ఒక్క రోజులు చెప్పాను.”

“దాదాపు అన్ని ఇళ్ళవాళ్ళూ మూలన పడేశారు. నువ్వెందుకు వాడావు? పాతది అటకమీదే ఉందిగా.”

వదిన చేతిసంచి బల్ల మీద పెట్టింది. “పదిహేను ఇళ్ళు కావాలన్నావు కదా. కనీసం ఒక్క ఇల్లైనా ఉండాలని. మూడేళ్ళుగా నువ్వు దానితో ఎంత తంటాలు పడ్డావో చూశాను. దాన్ని ఎవరూ వాడలేదంటే తట్టుకోలేవు.”

ఈ మనిషిని పట్టుకుని రోజుకి పద్నాలుగుసార్లు పిలిచాం మేము. క్షమించమని అడిగాను. “సరేలే, ముందు లోపలికి పద,” అంది.

“పాత మోటారే పెట్టేయనా అయితే?” అన్నాను.

“ఎందుకు? తెల్లారకముందు పాప నిద్రపోతున్నప్పుడు నీ మిక్సీయే హాయి. దాని మంచి దానికుంది. చప్పుడు కావాల్సినప్పుడు కావాలి, వద్దన్నప్పుడు వద్దు. ఆ మీట నా చేతిలో ఉండాలి, అంతే.”

“అసలు మారాల్సింది మేము కదా వదినా, మిషన్ కాదు.”

“మారండి, ఎవరొద్దన్నారు? మీరు మారేదాకా మాత్రం మిషన్ మార్చు.”

మూడేళ్ళు పట్టింది తీయడానికి, మూడు రోజులు పట్టింది తిరిగి పెట్టడానికి. మోటారు వెనక గాలి వెళ్ళే కంత దగ్గర పల్చటి రేకు ఒకటి అమర్చాను. బయట మీట తిప్పితే రేకు గాలికి అడ్డం వస్తుంది, మిక్సీ వీధి మలుపు దాకా మోగుతుంది. వెనక్కి తిప్పితే పిల్లి నిద్రపోతుంది. ఖాళీ జారుతో అరగంట తిరిగినా మోటారు వేడెక్కకుండా కూడా చూశాను. ఇది దేనికని పెద్దాయన అడిగితే భద్రత కోసం అన్నాను.

“నీకు మూడేళ్ళు జీతమిచ్చి చప్పుడు తీయించాను,” అన్నాడాయన. “ఇప్పుడు మళ్ళీ పెట్టావా?”

“పెట్టలేదు సార్. వాళ్ళ చేతికిచ్చాను.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒకటి సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు ఉత్త చేతులతో వచ్చాడు.

“మా ఆవిడ తిరిగి ఇవ్వనంది. ఎందుకో చెప్పలేదు. పాపం, ఆ మిక్సీ దగ్గర పొద్దున్న ఎంత పని పెట్టుకుందో, ఊపిరి సలపలేదు. నా కాఫీ నేనే కలుపుకున్నాను.”

నేను బల్ల మీది స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

నాలుగో వారం చివరి రోజు మీట ఉన్న మిక్సీ ఒకటీ, కొత్త ఫారాలూ పట్టుకుని ఇరవై ఇళ్ళూ తిరిగి వేసి చూపించాను. అడుగున ‘వాడేవారి సంతకం’ అని మార్చాను. పద్దెనిమిది ఇళ్ళు మాకిదే కావాలన్నాయి. బట్టలు కుట్టే ఆవిడ ఇంకాస్త గట్టిగా మోగితే బాగుండునంది. వద్దన్న రెండిళ్ళలో ఒక ఇంట్లో వంట చేసేది భర్త. “ఈ మీట దేనికండీ?” అన్నాడాయన అయోమయంగా. “నేను వంటింట్లో ఉంటే ఇంట్లో అందరికీ తెలుసు. వీధికి కూడా తెలుసు.”

స్పాంజి గది నాకే మిగిలింది. మీట పక్కన ఏం రాయాలని ఆఫీసులో పెద్ద చర్చ నడిచింది. పెద్దాయన ‘పవర్’ అని రాద్దామన్నాడు. వదినని అడిగితే, “ఏమీ రాయకండి, తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది,” అంది. ఏమీ రాయలేదు.

మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చిన తరవాతి ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి వంటింట్లోంచి రొద మొదలైంది. నాకు చప్పుడంటే పడదని చెప్పాను కదా. ఆ రోజు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి వింటూ కూర్చున్నాను. అన్నయ్య గదిలోంచి వచ్చి నోరు తెరవబోయాడు.

“వదిన పనిలో ఉంది. ఏం కావాలి?” అన్నాను.

“తువ్వాలు.”

“తీగ మీద ఉంది, తెచ్చుకో.”

అమ్మ కళ్ళజోడు నేనే వెతికాను. తలమీదే ఉంది. పాపకి జడ వేశాను. అది అద్దంలో చూసుకుని ఏడుపు మొహం పెట్టింది గానీ విప్పలేదు. అంతా అయ్యాక, నాకూ మనసు ఆగక, వంటింటి తలుపు సందులోంచి చూశాను. వదిన ఒక స్టూలు మీద కూర్చుని, ఇంకో స్టూలు మీద కాళ్ళు చాపుకుని, పేపరు చదువుతోంది. జారులో ఏమీ లేదు. తలెత్తి నన్ను చూసింది. పేపరు దాచలేదు, కాళ్ళు దించలేదు. పేజీ తిప్పింది.

నేను వెనక్కి వచ్చి, “ఇంకో అరగంట పడుతుందట,” అని హాల్లో అందరికీ చెప్పాను.

ఆ పెట్టె ఇంకా మా మిక్సీ అడుగునే ఉంది. తీసేస్తానంటే వదిన ఒప్పుకోలేదు. సోమవారం దాన్ని గదికి తెచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆదివారం రికార్డు వేశాను. మొత్తం రొదే. ఇంకేమీ వినబడదు, ఎవరి పిలుపూ లేదు. చివర్లో మీట వెనక్కి తిప్పిన చప్పుడు, రొద ఆగింది. మోటారు ఆపడానికి ముందు ఒక్క క్షణం నా పాత నిశ్శబ్దం. అందులో వదిన గొంతు, మైకుకి దగ్గరగా.

“రాసుకో. ఇవాళ ఒకటే. అదీ మిక్సీ వేయకముందు, మీ అన్నయ్యే, నువ్వు కాదులే.”